తెల్లవారుజామున ఆగే ఏరేటర్: కాంటాక్టర్ మార్చే ముందు బోర్డు వెనక్కి తిప్పి చూడండి

లక్షణం ఇలా ఉంటుంది: పగలంతా సక్రమంగా నడిచిన ఏరేటర్ (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రం) తెల్లవారుజామున దానంతటదే ఆగిపోతుంది, లేదా దాని మోటారుకు కరెంటు కలిపే స్విచ్చయిన కాంటాక్టర్ పట్టీ పట్టనట్టు టకటకలాడుతుంది. ప్యానెల్ డబ్బా మీద చేత్తో తడితే మళ్ళీ అందుకుంటుంది. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ అదే కనుక రైతు ఆదుర్దాతో కాంటాక్టర్ మార్పిస్తాడు, కొన్నాళ్ళకు కంట్రోల్ బోర్డు మొత్తం మార్పిస్తాడు.

మూడు ఫేజులూ వస్తున్నాయా, టర్మినల్ స్క్రూలు వదులయ్యాయా, మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపే ఓవర్‌లోడ్ రిలే సరైన ఆంపియర్ల దగ్గరే ఉందా అన్నవి ఎలాగూ చూస్తారు. అవన్నీ సరిగా ఉన్నాక, మెయిన్ ఆపి, కెపాసిటర్లు డిశ్చార్జి అయ్యాక కంట్రోల్ బోర్డును విప్పి వెనక్కి తిప్పి చూడాలి. ఎంతోమంది వదిలేస్తున్న పని ఇదే. డబ్బాలోంచి తీయకుండా పైనుంచి చూసిన బోర్డును చూసినట్టు లెక్క కాదు.

బోర్డు వెనక మసకగా, గరుకుగా ఉన్న టంకం అతుకును డ్రై సోల్డర్ (సరిగా పట్టని అతుకు) అని ఎవరైనా గుర్తుపడతారు. ఫ్లక్స్ (ఆక్సైడ్ పొరను తొలగించి టంకం పట్టేలా చేసే పదార్థం) వేసి మళ్ళీ కరిగిస్తే చాలావరకు సరిపోతుంది. మోసం చేసేది మెరిసే అతుకు. పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర ఒక చెరువు మీద నేను కాంటాక్టర్‌ను రెండుసార్లు మార్పించాను. రైతు డబ్బు వృథా అయింది, ఏరేటర్లు మళ్ళీ ఆగాయి. అప్పుడు బోర్డు విప్పి, టార్చిని ఏటవాలుగా పట్టి, పదింతలు పెద్దదిగా చూపే లెన్స్‌తో చూస్తే, కాంటాక్టర్ కాయిల్ వైరు బిగించే కనెక్టర్ పిన్ను చుట్టూ వెంట్రుక మందాన నల్లటి వలయం కనిపించింది. టంకం గోపురంలా నిండుగానే ఉంది. పిన్ను మాత్రం దానిలోంచి విడిపోయి, చీపురుపుల్లతో నెడితే కదిలింది.

స్క్రూ బిగించిన ప్రతిసారీ ఆ మెలి పిన్ను మొదట్లోకి దిగుతుంది, అదే డబ్బాలో కాంటాక్టర్ టక్కున కలిసినప్పుడల్లా బోర్డు అదురుతుంది, పగటి ఎండకూ రాత్రి చలికీ లోహాలు వేర్వేరుగా సాగి ముడుచుకుంటాయి. అందుకే కనెక్టర్, రిలే, ట్రాన్స్‌ఫార్మర్ వంటి బరువైన భాగాల పిన్నులను ముందు చూడాలి.

ఇక్కడ మీటరు కూడా మోసపుచ్చుతుంది. ప్రోబుతో అతుకును నొక్కితే పగులు మూసుకుని బీప్ వస్తుంది. పైగా పదుల ఓముల నిరోధం ఉన్నా చాలా మీటర్లు కూస్తాయి. కాబట్టి ఒక ప్రోబును భాగం వైపున్న కాలి మీద, రెండోదాన్ని అదే రాగి దారికి దూరపు కొన మీద ఉంచి, టంకాన్ని తాకకుండా భాగాన్ని మెల్లగా అటూ ఇటూ కదిలించాలి. బీప్ తెగితే నేరం అక్కడే.

పగిలిన అతుకు మీద కొత్త టంకం పోసి వదిలేస్తే, పాత ఆక్సైడ్ పొర లోపలే ఉండి మళ్ళీ విడిపోతుంది. పాత టంకాన్ని పంపుతో పూర్తిగా లాగి, పిన్నును గీకి, ఫ్లక్స్ రాసి, 63/37 తీగతో (63 శాతం తగరం, 37 శాతం సీసం) కొత్తగా అతకాలి. ఆ తీగ 183 డిగ్రీల వద్దే కరుగుతుంది కానీ ఐరన్ కొన దాదాపు 340 డిగ్రీలుండాలి; సాధారణంగా వాడే సీసం లేని టంకం దాదాపు 217 డిగ్రీలు దాటితే గానీ కరగదు కనుక వేడి ఇంకొంచెం పెంచాలి. ఐరన్ కొన ప్యాడునూ (బోర్డు మీద అతికే రాగి బిళ్ళ) పిన్నునూ ఒకేసారి తాకాలి, చల్లారేదాకా బోర్డు కదలకూడదు. రేకు పనికి వాడే ఆమ్లపు పేస్టును ఇక్కడ ఎప్పుడూ వాడవద్దు. ఉప్పుగాలి తగిలే గట్ల మీద దాని అవశేషం రాగిని తినేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరాక, కనెక్టర్ నోళ్ళు వదిలి రక్షణ పూత వేయాలి.

తగరపు మీసాలు (తగరం పూత మీద మొలిచే సన్నని లోహపు పోగులు), బోర్డు లోపలి రంధ్రం గోడ పగలడం వంటివి ఈ ప్యానెళ్ళలో అరుదు. పై పరీక్షలన్నీ అయ్యాకే వాటి సంగతి. ప్యాడు లేచిపోయి ఉంటే తీగ ముక్కతో జంపర్ వేస్తే చాలు.

డబ్బా మూసేముందు కరెంటు ఇచ్చి, పదిసార్లు ఆన్ ఆఫ్ చేస్తూ స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో డబ్బా పక్కగోడను తట్టి చూడండి. ఒక్కసారి టకటకలాడినా మెయిన్ ఆపి, బోర్డును మళ్ళీ బయటికి తీసి, పక్క పిన్నులనూ లెన్స్‌తో చూడాలి.