ఫీజు కన్సెషన్ ఇంకొంచెం అడగడానికి వెళ్లేముందు

స్కూల్లో ఆల్రెడీ కొంత తగ్గించారు, అయినా కట్టలేకపోతున్నాం అనుకునేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

- ఇన్‌కమ్ సర్టిఫికెట్ మీసేవలో ముందే అప్లై చేయండి, ఎమ్మార్వో ఆఫీసులో అప్రూవ్ అయి రావడానికి టైం పడుతుంది, జూన్‌లో స్కూళ్లు తెరిచాక పరిగెత్తొద్దు.

- ఫ్రంట్ ఆఫీసులో అడిగి వచ్చేయకండి. ప్రిన్సిపల్‌నో కరస్పాండెంట్‌నో కలవాలి, అదీ టర్మ్ ఫీజు లాస్ట్ డేట్ కంటే ముందే.

- లెటర్ రాసుకెళ్లండి. పోయినసారి అడిగినప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో అదే రాయండి, జాబ్ పోయిందా, ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయిందా, అయితే డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్స్ కూడా పెట్టండి. "ఎంతోకొంత తగ్గించండి సార్" అంటే వెయ్యో రెండు వేలో తగ్గించి పంపేస్తారు, అందుకే ఇంట్లో కూర్చుని లెక్క వేసుకుని నెలకి ఇంత కట్టగలం అని కచ్చితంగా చెప్పండి.

- పక్కింటివాళ్లకి ఎంత తగ్గించారో అక్కడ తీయొద్దు, వాళ్లకీ ఇబ్బంది.

- పిల్లల్ని వెంట తీసుకెళ్లొద్దు ప్లీజ్. అమ్మానాన్న బతిమాలడం వాళ్లు చూడక్కర్లేదు.

- ఒప్పుకుంటే ట్యూషన్ ఫీజు మీదేనా, బస్సు, బుక్స్ కూడానా, వచ్చే ఏడాది మళ్లీ అడగాలా అని అప్పుడే కనుక్కుని రాతలో తీసుకోండి. నోటిమాట అయితే అకౌంటెంట్ మారగానే మళ్లీ మొదటికొస్తుంది.