ఊళ్లో వదిలొచ్చిన పుస్తకాలకి ముందు చిట్టా రాయండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లు బ్యాంకు ఖాతా, లైసెన్సు, అద్దె ఇల్లు ఇవన్నీ ఎవరో ఒకరిని అడిగి చేసేసుకుంటారు. పుస్తకాల సంగతి మాత్రం రెండేళ్లు పోయాక గుర్తొస్తుంది, అప్పటికి ఏది ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలీదు.

మాది పలాస దగ్గర పల్లె. 23 కిలోల పెట్టెలు రెండింటిలో బట్టలూ పచ్చళ్లూ పోగా ఎనిమిది పుస్తకాలు పట్టాయి, మిగతావన్నీ అట్టపెట్టెల్లో కట్టి అటకెక్కించి వచ్చేశాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పెంకులెగిరిపోయి అటక మీదకి నీళ్లొచ్చాయి. ఫోన్లు పనిచేశాక అమ్మ "ఏ పెట్టెలో ఏమున్నాయిరా, ముందు ఏవి ఎండబెట్టమంటావు?" అని అడిగితే చెప్పలేకపోయాను. తాతయ్య వారపత్రికల్లోంచి కథలు విప్పి బైండు చేయించుకున్న సంపుటాలు తడిసిన పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్లిపోయాయి. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే చెప్తున్నాను, వెంట తెచ్చుకున్నవాటి కంటే ఊళ్లో ఉన్నవాటికి ముందు చిట్టా రాయండి. ఈ ఆదివారమే తమ్ముడికో చెల్లికో వీడియో కాల్ చేసి, ఒక్కో పెట్టె దింపించి, అట్టల ఫోటోలు తీయించి, పెట్టె మీద స్కెచ్ పెన్నుతో పెద్ద నంబరు వేయించండి. గూగుల్ షీట్ చాలు: పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం, పెట్టె నంబరు, ఎవరికిచ్చాం. ఆ చివరిది మొహమాటపడి వదిలేయకండి, బంధువులకిచ్చినవీ రాయండి.

పేర్లు తెలుగు లిపిలోనే రాయండి, ఇంగ్లీషు అక్షరాల్లో అయితే ఒక్కోసారి ఒక్కో స్పెల్లింగు రాస్తాం, తర్వాత వెతికితే దొరకదు. ముద్రణ సంవత్సరం ఎందుకంటారా? కన్యాశుల్కమే చూడండి, 1897లో అచ్చయినదాన్ని గురజాడ బాగా పెంచి తిరగరాస్తే 1909లో రెండో కూర్పు వచ్చింది, రెండూ ఒకటి కావు. బార్‌కోడ్ స్కాన్ చేసే యాప్‌ల మీద ఆశ పెట్టుకోకండి, మన పాత పుస్తకాల మీద ఆ యాప్‌లు వెతికే ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) చాలావాటికి ఉండదు, చేత్తో కొట్టుకోవాల్సిందే.

పత్రికల్లోంచి చింపి దాచుకునే అలవాటుంటే, చింపిన రోజే పత్రిక పేరూ తేదీ ఆ కాగితం మీద రాసేయండి. కథారచయిత కాళీపట్నం రామారావు (కారా మాస్టారు) 1997లో శ్రీకాకుళంలో పెట్టిన తెలుగు కథల లైబ్రరీ కథానిలయం జాబితాలో కథ పక్కనే అది ఏ పత్రికలో ఎప్పుడొచ్చిందో కనిపిస్తుంది. నాకు ఆ అలవాటు అక్కణ్నించే వచ్చింది. ఆ రెండు ముక్కలు లేకపోతే ఆ కాగితం ఎక్కడిదో పదేళ్ల తర్వాత మీకే తెలీదు. వాట్సాప్‌లో వచ్చే పీడీఎఫ్‌లకీ ఇదే మాట, దించుకోగానే పేరు మార్చండి.

ఇక్కడ అమెరికాలో ఫోటో ఐడీ, అద్దె ఒప్పందం చూపిస్తే మీరుంటున్న చోటి పబ్లిక్ లైబ్రరీలో చాలావరకు కార్డు ఉచితంగా ఇస్తారు. తెలుగు పుస్తకం అక్కడ లేకపోతే వేరే లైబ్రరీ నుంచి తెప్పించగలరేమో అడగండి, తెచ్చినవాటి గడువు తేదీ కూడా అదే షీట్లో వేసుకోండి.

చిట్టా అయ్యాక ఒక ప్రింటు తీయించి ఊళ్లో బీరువా తలుపుకి లోపలివైపు అంటించమనండి. దించాల్సిన మొదటి మూడు పెట్టెల నంబర్లకి ఎర్ర గీత పెట్టించండి. తుపాను వచ్చిన రాత్రి అక్కడ కరెంటూ ఉండదు, సిగ్నలూ ఉండదు, మిమ్మల్ని అడగడానికి అమ్మకి ఫోన్ కలవదు.