రేడియోధార్మిక లోహాలతో పని, 4వ పాఠం: బల్ల మీది దుమ్మును కొలవడం

గత పాఠంలో చెప్పుకున్న కాలం (తక్కువసేపు ఉండడం), దూరం (దూరంగా ఉండడం), అడ్డుగోడ (మధ్యలో అడ్డు పెట్టడం) అనే మూడు రక్షణలు యురేనియం దగ్గర సగం పనే చేస్తాయి. 1971లో హైదరాబాదులో నెలకొల్పిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వంటి చోట, యురేనియం ఆక్సైడు పొడిని బిళ్లలుగా అదిమి కొలిమిలో కాలుస్తారు. ఆ పొడి నుంచి వచ్చే ఆల్ఫా కిరణాలు చర్మాన్ని దాటలేవు గాని, ఊపిరితో లోపలికి వెళ్లిన రేణువు ఊపిరితిత్తుల్లోనే ఉండిపోవచ్చు, కరిగే రూపంలో ఉంటే మూత్రపిండాలనూ దెబ్బతీయవచ్చు. అందువల్ల కంటికి కనబడని దుమ్మును కొలవడం నేర్చుకోవాలి.

చేతి తొడుగులు వేసుకొని, గుండ్రని వడపోత కాగితంతో బల్ల మీద 100 చదరపు సెంటీమీటర్ల మేర ఒత్తి తుడవండి. కాగితం పొడిగానే ఉండాలి. గాలిలోనే సుమారు 3 సెంటీమీటర్లకు మించి పోలేని ఆల్ఫాను పల్చటి నీటిపొర కూడా మింగేస్తుంది.

ఆ కాగితాన్ని ఆల్ఫాను లెక్కించే కౌంటరులో పెడితే నిమిషానికి 39 కౌంట్లు వచ్చాయనీ, ఖాళీ కాగితానికి 3 వచ్చాయనీ అనుకుందాం. మిగిలిన 36 అంటే సెకనుకు 0.6. కౌంటరు సామర్థ్యం 30 శాతమైతే కాగితం మీద 2 బెకెరెల్‌లు (బెకెరెల్ అంటే సెకనుకు ఒక పరమాణువు క్షయం కావడం). తుడుపులో పదో వంతే అంటిందనుకుంటే బల్ల మీద 20, అంటే చదరపు సెంటీమీటరుకు 0.2. ఈ పదో వంతు కొలిచి తేల్చినది కాదు, ఒక ఒప్పందం మాత్రమే: నున్నటి స్టీలు మీద ఎక్కువే అంటవచ్చు, గరుకు సిమెంటు మీద తక్కువ. సహజ యురేనియం గ్రాముకు దాదాపు 25,000 బెకెరెల్‌లు గనుక, ఆ 20 వెనక ఉన్నది 0.8 మిల్లీగ్రాముల లోహమే.

కొత్తవారిని కంగారుపెట్టేది రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు. హైదరాబాదు గ్రానైటు నేల మీద ఉంది. రాతిలోని యురేనియం నుంచి రేడాన్, థోరియం నుంచి థోరాన్ అనే వాయువులు పుడతాయి. అవి క్షయమై ఏర్పడే మూలకాలు, అంటే వాటి సంతతి, మూసి ఉంచిన గదిలో దుమ్ముకు అంటుకుని, శుభ్రమైన బల్లను కూడా మురికిగా చూపిస్తుంది. రేడాన్ సంతతి సుమారు అరగంటకోసారి సగమవుతుంది, థోరాన్ సంతతికి 10.6 గంటలు పడుతుంది. యురేనియం-238 సగమవడానికి 447 కోట్ల ఏళ్లు కావాలి. కాబట్టి అదే కాగితాన్ని మూడో రోజు మళ్లీ కొలవండి. అంతవరకు ఆ బల్లను మురికిదిగానే భావించండి, చీపురు మాత్రం తగలనివ్వకండి.

అభ్యాసం: మొదట 93, మూడో రోజు 75 కౌంట్లు, ఖాళీ కాగితానికి 3. రవాణా నియమాల్లో ఇటువంటి ఆల్ఫాకు చదరపు సెంటీమీటరుకు 0.4 బెకెరెల్‌లు దాటితేనే కాలుష్యం అంటారు. ఈ బల్ల ఏ పక్కన ఉందో లెక్క కట్టండి.