జెల్లీఫిష్ దశలు, జన్యువుల లెక్క – పాఠం 4: పాలిప్‌కీ స్ట్రోబిలాకీ తేడా తీయడం

కిందటి పాఠంలో లెక్కల పట్టిక దాకా వచ్చాం: అడ్డవరుసకో జన్యువు, నిలువు వరుసకో నమూనా, గడిలో ఆ జన్యువుకు దొరికిన రీడ్ల సంఖ్య. పనిచేసే జన్యువు తన నకలుగా ఆర్‌ఎన్‌ఏ తయారుచేస్తుంది; సీక్వెన్సింగ్ యంత్రం చదివిన దాని ముక్కలే రీడ్లు. ఈసారి మూన్ జెల్లీఫిష్, అంటే ఆరీలియా, పాలిప్‌నీ స్ట్రోబిలానీ పోల్చుదాం.

పాలిప్ రాతికి అంటుకుని బతికే కొన్ని మిల్లీమీటర్ల కాడ. చలి సోకితే దాని ఒళ్లు అడ్డంగా నొక్కులు పడి, సాసర్లు దొంతర పెట్టినట్టవుతుంది. అదే స్ట్రోబిలా. ఒక్కో సాసరూ ఊడి, మామూలుగా ఎనిమిది రెక్కలుండే ఎఫైరాగా ఈదిపోతుంది, పెరిగితే మెడ్యూసా, అంటే మనకు తెలిసిన గొడుగు ఆకారపు జెల్లీఫిష్. జన్యువులు అన్ని దశల్లోనూ అవే. ఏది ఎంత పనిచేస్తోందన్నదే మారుతుంది.

ముందు చేత్తో ఒక లెక్క. అభ్యాసానికి అనుకున్న అంకెలివి: ఒక జన్యువుకు పాలిప్‌లో 40 రీడ్లు, స్ట్రోబిలాలో 960. వెంటనే 24 రెట్లు అని రాసేయకండి. పాలిప్ నమూనాలో మొత్తం రీడ్లు 2 కోట్లు, స్ట్రోబిలాలో 3 కోట్లు. పది లక్షలకు ఎన్నో చూస్తే 2, 32. అంటే తేడా 16 రెట్లు; లాగ్2లో, అంటే ఎన్నిసార్లు రెట్టింపయిందన్న లెక్కలో, 4. ఇది చేయి తిరగడానికే. గుంపుల మధ్య జన్యువుల తేడా లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ డీఈసెక్2కి మాత్రం ముడి అంకెలే ఇవ్వాలి, సర్దుబాటు అదే చేసుకుంటుంది. ముందే మార్చిన అంకెలిస్తే నమూనాల మధ్య హెచ్చుతగ్గుల అంచనా చెడుతుంది. దశకు కనీసం 3 వేర్వేరు నమూనాలుండాలి. ఒకే ఆర్‌ఎన్‌ఏను మూడుసార్లు చదివిస్తే అది ఒక్క నమూనా కిందే లెక్క.

అసలు చిక్కు తొట్టిలోనే మొదలవుతుంది. పాలిప్‌లను 18 డిగ్రీల దగ్గర, స్ట్రోబిలాలను 10 డిగ్రీల దగ్గర తీశారనుకోండి. పట్టికలో పైకి తేలిన జన్యువు దశ మారినందుకు పెరిగిందా, చలికి పెరిగిందా? ఏ సాఫ్ట్‌వేరూ వీటిని విడదీయలేదు. అందుకే మూడో గుంపు కావాలి: చలిలోకి వచ్చి ఒకటి రెండు రోజులే అయిన, ఇంకా నొక్కులు పడని పాలిప్‌లు. మధ్య రోజుల్లోనూ నమూనాలు తీయండి. జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో వెల్లడించిన సీఎల్390 జన్యువు చలిలో రోజులు గడిచేకొద్దీ పెరుగుతూ పోతుంది. మొదలూ చివరా మాత్రమే చూస్తే ఆ మెట్లు కనబడవు. చలి లేకుండానే కొన్ని ఇండోల్ రసాయనాలతో స్ట్రోబిలాను రప్పించవచ్చు. ఆ గుంపులోనూ పెరిగిన జన్యువైతే దశకు చెందినదని ధైర్యంగా అనవచ్చు.

స్ట్రోబిలాను మొత్తంగా నూరకండి. పైన సాసర్లు దాదాపు ఎఫైరాలు, అడుగున మొదలు ఇంకా పాలిప్పే. నూరితే రెండింటి సగటు వస్తుంది, తేడాలు చప్పబడతాయి. సన్నటి బ్లేడుతో మొదలు కోసి వేరు గొట్టంలో వేయండి.

ఇంకొకటి, మేత. మన రొయ్యల హేచరీల్లో వాడే ఆర్టీమియా (ఉప్పునీటిలో బతికే చిన్న రొయ్యలాంటి జీవి) పిల్లలనే వీటికీ వేస్తారు. నమూనాకు ముందు 24 నుంచి 48 గంటలు పస్తు పెట్టకపోతే పొట్టలోని ఆర్టీమియా ఆర్‌ఎన్‌ఏ కూడా సీక్వెన్స్ అవుతుంది. జన్యుపటం బదులు రీడ్లతోనే, పనిచేస్తున్న జన్యువుల ఆర్‌ఎన్‌ఏల మొత్తం జాబితా అయిన ట్రాన్స్‌క్రిప్టోమ్ కూర్చుకున్నవారికి ఆర్టీమియా కండర జన్యువులు "పాలిప్ జన్యువులు"గా దర్శనమిస్తాయి. స్ట్రోబిలా మేత తగ్గిస్తుంది కాబట్టి ఆ తప్పు నిజమైన తేడాలాగే ఉంటుంది.

అభ్యాసం: సవరించిన పి విలువ (తేడా కేవలం యాదృచ్ఛికం కావచ్చా అని చూసే కొలత, వేల జన్యువులను ఒకేసారి పరీక్షిస్తున్నందుకు సరిచేసినది) 0.05 లోపు, లాగ్2 తేడా ఇటో అటో 1కి మించినవి వడకట్టండి. వాటిలో పై 20 జన్యువుల ప్రోటీన్లను ఆర్టీమియా వాటితో పోల్చి, దాదాపు అచ్చుగుద్దినట్టున్నవి పక్కన పెట్టండి. మిగిలిన జాబితాతో పాఠం 5లో ఎఫైరా దగ్గరికి వెళ్దాం.