ఎండలు ముదిరే లోపే ఎరువు బకెట్ మొదలుపెట్టండి

మన మిద్దె తోటల క్లబ్బులో చాలామంది ఏప్రిల్ రాగానే కుండీలు ఓ మూలకు చేర్చి, మళ్లీ వానలు పడ్డాక చూద్దాం అంటారు. కానీ హైదరాబాద్‌లో మిద్దె తోటకు కంపోస్టు, అంటే ఆకూ తొక్కలూ చివికిన ఎరువు, తయారుచేసుకోవడానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. శివరాత్రి నుంచి ఉగాది దాటేదాకా వేప, కానుగ, బాదం ఆకు ఎంత కావాలంటే అంత రాలుతుంది. మార్చి చివర్లో బకెట్ నింపడం మొదలుపెడితే మృగశిర కార్తె నాటికి, అంటే జూన్ మొదటి వారం దాటేసరికి, ఎరువు చేతికొస్తుంది.

ముందు ఆకు దాచుకోండి. మా పార్సీగుట్ట వీధి ఊడ్చే ఆమెకు నేను ఖాళీ బియ్యం సంచులు ఇస్తాను. ఆమె ఆకు వరకే నింపి గేటు పక్కన పెడుతుంది. సంచి మూతి కట్టి బాగా తొక్కితే ఆకు నలిగి సగానికి దిగుతుంది, తొందరగా చివుకుతుంది కూడా. బాదం ఆకు మందం కాబట్టి దాన్ని మాత్రం నలపకుండా వేయకండి. చెరుకు రసం బండి దగ్గర అడిగితే పిప్పి ఇస్తారు. తీపికి చీమలు పడతాయి, అందుకని బాగా ఎండబెట్టి, ముక్కలు చేసి ఆకులో కలపండి.

ఇరవై లీటర్ల పాత పెయింట్ బకెట్ చాలు. అడుగునా పక్కలా కాల్చిన చువ్వతో రంధ్రాలు పెట్టి, కింద ఒక పళ్లెం ఉంచండి. అడుగున కొబ్బరి పీచు, దానిమీద నాలుగు వేళ్ల మందాన ఎండాకు. ఇక రోజూ కూరగాయల తొక్కలు ఒక గిన్నెడు వేస్తే, పైన రెండు గిన్నెల ఎండాకు వేయాలి. వారానికోసారి పుల్ల మజ్జిగ నీళ్లలో కలిపి చిలకరించి, అడుగుదాకా తిరగేయండి. వండిన కూరలు, నూనె, మాంసం ఇందులోకి వద్దు.

వానాకాలంలో వాసనతో ఇబ్బంది. ఎండాకాలంలో అసలు టెన్షన్ తడి ఆరిపోవడం. ఎండ తగిలితే త్వరగా కుళ్లుతుందని కొందరు బకెట్‌ను మిద్దె నడిమధ్య పెడతారు. కుళ్లబెట్టేది ఎండ కాదు, సూక్ష్మజీవులు. వాటికి తడీ గాలీ రెండూ కావాలి. 42 డిగ్రీల ఎండలో తడి ఆరిందంటే అవి పని ఆపేస్తాయి, నెల తర్వాత చూసినా ఆకు ఆకులాగే ఉంటుంది. అందుకే బకెట్‌ను మెట్ల గదికి తూర్పు పక్కన పెట్టండి, మధ్యాహ్నం నుంచీ నీడ ఉంటుంది. మూతకు బదులు తడి గోనెసంచి కప్పండి. మే నెలలో రెండు రోజులకోసారి గుప్పెడు తీసి పిడికిట్లో పిండి చూడండి. ఒకటి రెండు చుక్కలు వస్తే సరిగ్గా ఉన్నట్టే. ధారగా కారితే ఎండాకు కలపండి. పొడిగా రాలిపోతే బియ్యం కడిగిన నీళ్లు చల్లి తిరగేయండి.

పుచ్చకాయ తొక్కల్లో నీరెక్కువ, వాటికి ఆకు రెట్టింపు వేయాలి. ఆవకాయ కొట్టినప్పుడు టెంక లోపలి నుంచి తీసేసే జీడి తరిగి వేయొచ్చు. తిన్న మామిడి టెంకలు మాత్రం ఇంత తొందరగా చివకవు, పక్కన పెట్టేయండి. తెల్లటి లావు పురుగులు కనిపిస్తే ఇంట్లోవాళ్లు బెదురుతారు. అవి చాలావరకు బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లలు. కుట్టవు, చెత్తను గబగబా తినేస్తాయి. పైన ఆకు మందంగా కప్పితే కంటికి కనబడవు.

ఈలోగా ఖాళీ కుండీల మట్టి పని చూసుకోండి. మట్టిని తడిపి, పలుచగా పరిచి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ కప్పి, అంచులు బిగించి నెల రోజులు వదిలేయండి. ఆ వేడికి కలుపు గింజలు, వేరు కుళ్లు తెచ్చే బూజు చాలావరకు పోతాయి. నల్ల షీట్ కన్నా పారదర్శకమైనదే మట్టిని బాగా వేడెక్కిస్తుంది. పంట కావాలంటే తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ ఈ ఎండకు తట్టుకుంటాయి. వాటి మొదట్లో కూడా రెండంగుళాల ఎండాకు పరచి, పొద్దున ఏడులోపే నీళ్లు పోయండి. టమాటాకు పూత రాలిపోతుంది, దాని మీద ఇప్పుడు ఆశ పెట్టుకోకండి.

ఎరువు నల్లగా మారి, వేడి తగ్గి, మట్టి వాసన వస్తే జల్లెడ పట్టండి. మూడు పాళ్ల మట్టికి ఒక పాలు ఎరువు, కుండీకి గుప్పెడు వేప పిండి కలిపి వారం ఆగి విత్తనాలు పెట్టండి. జల్లెడలో మిగిలిన ముక్కలు పారేయకండి. కొత్త బకెట్‌కు అవే తోడు.