సీడ్ వేసే ముందు పీసీఆర్: శాంపిల్ పట్టడం, రిపోర్టు చదవడం

కావలి, అల్లూరు, విడవలూరు నుంచి ఇటు సింగరాయకొండ, కొత్తపట్నం దాకా రొయ్యల గుంటలు సిద్ధం చేసే రోజులొస్తే, రొయ్య పిల్లకు జబ్బుందో లేదో పీసీఆర్ పరీక్షతో చూసే మా ల్యాబ్‌లో ఫోన్ కింద పెట్టే తీరిక ఉండదు. అందరూ అడిగేది ఒక్కటే: "ఏమ్మా, నెగటివేనా?" అవును, జబ్బు లేదు అంటే ఆ రాత్రికే సీడ్ బండి, అంటే రొయ్య పిల్ల బండి, కదులుతుంది. "ఎంత పిల్ల పట్టారన్నా, ట్యాంకులో ఏ పక్క పట్టారు?" అని నేను తిరిగి అడిగితే మాత్రం తడుముకోకుండా చెప్పేవాళ్ళు తక్కువ. మా రిపోర్టు సీసాలోకి వచ్చిన పిల్ల గురించే మాట్లాడుతుంది. ట్యాంకులో మిగిలిన లక్షల పిల్లకు ఆ మాట వర్తిస్తుందా లేదా అన్నది సీసా నింపిన చేతిని బట్టి ఉంటుంది. అందుకే శాంపిల్ దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

శాంపిల్ మీరే పట్టండి

పిల్లను పెంచి అమ్మే హ్యాచరీ వాళ్ళు ముందే నింపి పెట్టిన సీసా తీసుకోవద్దు. వాళ్ళు మోసగాళ్ళని నా ఉద్దేశం కాదు. మీరు కొనబోయే ట్యాంకు వేరు, ఆ సీసాలో పిల్ల వచ్చిన ట్యాంకు వేరు కావచ్చు. ముందు ట్యాంకు ఎంచుకోండి, నంబరు రాసుకోండి, ఆ ట్యాంకులోంచే మీ కళ్ళముందు పట్టించండి. సీడ్ ఎత్తే రోజు కూడా అదే నంబరు ట్యాంకు ఎత్తుతున్నారో లేదో చూసుకోండి.

పిల్లను ఒకే మూల పట్టకూడదు. నాలుగైదు చోట్ల, పైనా అడుగునా వల ముంచి ఒక బేసిన్‌లోకి వేయండి. ఇప్పుడు బేసిన్‌లో నీళ్ళను చేత్తో గుండ్రంగా తిప్పి వదలండి. దిట్టమైన పిల్ల నీటికి ఎదురు ఈదుతూ అంచుల్లో నిలబడుతుంది. నీరసంగా ఉన్నది సుడితో కొట్టుకొచ్చి మధ్యలో చేరుతుంది. ఆ మధ్య పిల్లను తప్పకుండా సీసాలో వేయండి. జబ్బుంటే ముందు దొరికేది వాటిలోనే. చలాకీ పిల్లనే ఏరి తెచ్చి "చూడమ్మా ఎంత బాగుందో" అని మురిసిపోయే అన్నలు ఉన్నారు. అందాల పోటీకి అయితే సరే, పరీక్షకు అది పనికిరాదు.

ఎంత పిల్ల కావాలి? ట్యాంకులో వందకు 2 పిల్లకు జబ్బు ఉందనుకోండి. మీరు 150 పడితే అందులో కనీసం ఒక్కటైనా జబ్బు పిల్ల పడే అవకాశం 95 శాతం. 30 పడితే ఆ అవకాశం 45 శాతం, అంటే బొమ్మా బొరుసూ వేసుకున్నా అంతకంటే కాస్త మెరుగే. వందకు 10 చొప్పున జబ్బుంటే 30 సరిపోతుంది కానీ, అంత జబ్బున్న ట్యాంకును హ్యాచరీ వాళ్ళే పారబోస్తారు. మనం పట్టుకోవలసింది ఆ రెండు శాతాన్నే. కాబట్టి 150కి తగ్గొద్దు.

రెండు మూడు గంటల్లో ల్యాబ్‌కు చేరేటట్టయితే ఆక్సిజన్ కొట్టిన కవర్‌లో బతికి ఉన్న పిల్లే మేలు. ఆలస్యమయ్యేటట్టయితే 95 శాతం ఆల్కహాల్‌లో వేయండి, పిల్ల ఒక వంతు అయితే ఆల్కహాల్ పది వంతులు. ఫార్మలిన్ వద్దే వద్దు, అది డీఎన్ఏను బిగదీసి మాకు పనికిరాకుండా చేస్తుంది. ఇంకోమాట, క్వార్టర్ సీసాలో మిగిలిన మందులో వేసి పంపేవాళ్ళూ ఉన్నారు. అందులో ఉండేది 42.8 శాతమే, మిగతాదంతా నీళ్ళూ రంగూ. సీసా మీద అంటించే చీటీ మీద ట్యాంకు నంబరు, తేదీ పెన్సిల్‌తో రాసి, అలాంటి చీటీ ఒకటి లోపల కూడా వేయండి. పెన్ను సిరా ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుంది.

ఒక ట్యాంకులో ముంచిన వలను కడక్కుండా ఇంకో ట్యాంకులో ముంచితే ఆ రెండు సీసాలూ దండగే.

ల్యాబ్‌లో జరిగేది

పిల్ల కాస్త పెద్దదైతే ముందు కళ్ళు తీసేస్తాం. రొయ్య కంట్లో ఉండే కొన్ని పదార్థాలు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి, జబ్బున్నా లేనట్టు చూపిస్తాయి. మిగిలిన శరీరాన్ని చిన్న గొట్టంలో ప్లాస్టిక్ రోకలితో మెత్తగా నూరతాం. ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ ఉన్న ద్రావణం పోస్తే, గిన్నె జిడ్డును సబ్బు వదిలించినట్టు అది కణం చుట్టూ ఉన్న కొవ్వు పొరను విడగొడుతుంది. ప్రోటీనేజ్-కే అనే ఎంజైమ్ ప్రోటీన్లను తినేస్తుంది. వేడి చేసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైనీటికి ఆల్కహాల్ కలిపి మళ్ళీ తిప్పితే గొట్టం అడుగున తెల్లగా చిన్న మచ్చలా అంటుకుంటుంది. అదే డీఎన్ఏ. రొయ్యదీ, రొయ్యలో ఏదైనా దాగి ఉంటే దానిదీ కలిసే ఉంటాయి.

ఇక పీసీఆర్. ఇది 1983లో కేరీ మల్లిస్ అనే అమెరికన్‌కు తట్టిన ఆలోచన, 1993లో నోబెల్ తెచ్చిపెట్టింది. 95 డిగ్రీల వేడిలో డీఎన్ఏ రెండు పోగులుగా విడిపోతుంది. 55, 60 డిగ్రీల దగ్గరికి చల్లార్చగానే ప్రైమర్లనే చిన్న ముక్కలు వెళ్ళి వైరస్ జన్యువులో తమకు సరిపడే చోటే అతుక్కుంటాయి. 72 డిగ్రీల దగ్గర టాక్ పాలిమరేజ్ అనే ఎంజైమ్ అక్కణ్ణుంచి కొత్త పోగు అల్లుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు. లెక్క ప్రకారం 30 సార్లు తిరిగేసరికి ఒక్క ముక్క 107 కోట్లు దాటుతుంది. శాంపిల్‌లో వైరస్ లేకపోతే ప్రైమర్‌కు అతుక్కునే చోటే దొరకదు, ఏమీ పెరగదు.

అంత వేడిలోనూ చెడని ఈ ఎంజైమ్ వేడినీటి బుగ్గల్లో బతికే బ్యాక్టీరియాది. దాన్ని అమెరికాలోని యెల్లోస్టోన్‌లో కనుక్కున్నారు. ఇప్పుడు ఎవరూ బుగ్గల దగ్గరికి వెళ్ళరు, ఆ జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి ఎంజైమ్‌ను తయారు చేయించుకుంటున్నారు. మేం వాడే పాజిటివ్ కంట్రోల్, అంటే పరీక్ష పనిచేస్తోందో లేదో చూడటానికి పక్కన పెట్టే తెలిసిన పాజిటివ్, కూడా చాలావరకు అలాంటిదే. తెల్లమచ్చ వైరస్ జన్యువులో చిన్న ముక్కను బ్యాక్టీరియాలో ఉండే గుండ్రటి డీఎన్ఏ అయిన ప్లాస్మిడ్‌లో అతికించి బ్యాక్టీరియాలో పెంచుతారు. బతికున్న వైరస్‌ను ల్యాబ్‌లో దాచుకోవలసిన అవసరం లేదు. జన్యు ఇంజనీరింగ్ అనగానే పేపర్లో చదివే పెద్ద పెద్ద విషయాలు గుర్తొస్తాయి కానీ, మన జిల్లాలో రోజూ జరిగేది ఈ వేలెడంత గొట్టాల్లోనే.

ఈ మాట ఎత్తాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. "వెనామీ జీన్లు మార్చిన రొయ్య, అందుకే జబ్బు రాదు" అని చాలామంది నమ్మకం. రెండు ముక్కలూ తప్పే. 2009 నుంచి మన దగ్గరికి అధికారికంగా వస్తున్న వెనామీ తల్లి రొయ్యలు ఎస్‌పీఎఫ్, అంటే కొన్ని పేరున్న జబ్బులు లేకుండా తరతరాలుగా విడిగా పెంచి, ఎంపిక చేసి తెచ్చినవి. వాటిలో బయటి జన్యువేదీ పెట్టలేదు. చెన్నై నీలాంకరై క్వారంటైన్‌లో పరీక్షయ్యాకే హ్యాచరీకి వస్తాయి. కానీ జబ్బు లేకుండా రావడం వేరు, ఇకముందు రాకుండా ఉండటం వేరు. హ్యాచరీలో ఆ తల్లులకు మేపే సముద్రపు పురుగుల్లోనే, రొయ్యను ఎదగనివ్వని సూక్ష్మజీవి అయిన ఈహెచ్‌పీ ఉంటే తల్లికి అంటుతుంది, పిల్లకూ వస్తుంది. కాబట్టి "మాది ఎస్‌పీఎఫ్ సీడ్" అన్న మాట రిపోర్టుకు బదులు కాదు.

రిపోర్టు చదవడం

ముందు ఏ జబ్బులు పరీక్షించారో చూడండి. కాగితం మీద నెగటివ్ అని పెద్దగా ఉంటుంది, పరీక్షించింది తెల్లమచ్చ ఒక్కటే అయి ఉంటుంది. తెల్లమచ్చ, ఈహెచ్‌పీ రెండూ తప్పనిసరిగా అడగండి. మా నాన్న టైగర్ రొయ్య వేసిన రోజుల్లో, 1990ల మధ్యలో, గుంటలను తుడిచిపెట్టింది తెల్లమచ్చే. అది వస్తే మూడు నుంచి పది రోజుల్లో గుంట మొత్తం పోవచ్చు, అయితే కళ్ళకు కనబడి పోతుంది. ఈహెచ్‌పీ అలా చంపదు. మేత తింటుంది, ఎదగదు. 50, 60 రోజులు బస్తాలు పోశాక కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) తీస్తే గుండె జారిపోతుంది. నన్నడిగితే ఇప్పుడు రైతును ఎక్కువ ముంచేది ఇదే.

తర్వాత జెల్ ఫోటో అడగండి. ఇవ్వడానికి సణిగే ల్యాబ్ అయితే ఇంకో ల్యాబ్ చూసుకోండి. అగరోస్ అనే జెల్లీలాంటి జెల్‌లో కరెంటు పెడితే డీఎన్ఏ పాజిటివ్ వైపు పరుగెడుతుంది, చిన్న ముక్క ముందుకు, పెద్దది వెనక. ఫోటోలో ఒక అంచున నిచ్చెనలా మెట్లు మెట్లుగా గీతలుంటాయి, అది కొలబద్ద. పక్కన పాజిటివ్ కంట్రోల్ గడిలో గీత వెలగాలి. నెగటివ్ కంట్రోల్, అంటే శాంపిల్ ఏదీ వేయని గడి, ఖాళీగా ఉండాలి. అందులోనూ గీత కనిపిస్తే ఎక్కడో కలుషితమైంది, ఆ రోజు రిపోర్టులు ఏవీ నమ్మొద్దు. ఇంకోటి ఇంటర్నల్ కంట్రోల్, అంటే రొయ్య సొంత జన్యువుకు చేసే పరీక్ష. అది రాలేదంటే డీఎన్ఏనే సరిగా తీయలేదు, అక్కడ నెగటివ్ అన్న మాటకు విలువ లేదు.

చాలా ల్యాబ్‌లు రెండు దశల్లో చేస్తాయి, నెస్టెడ్ అంటారు. తెల్లమచ్చకు ఎక్కువగా వాడే పద్ధతిలో మొదటి దశ ముక్క 1447 డీఎన్ఏ అక్షరాల పొడవు, రెండో దశది 941. ఈహెచ్‌పీకి స్పోర్ (విత్తనంలాంటి రూపం) పెంకు జన్యువు చూస్తే 514, 148. మొదటి దశలోనే గీత వస్తే జబ్బు భారంగా ఉందని. రెండో దశలోనే వస్తే తక్కువ ఉందని. రియల్ టైమ్ మెషిన్ ఉన్నచోట సీటీ అని ఒక అంకె ఇస్తారు, అంటే ఎన్నో తిరుగుడుకు జబ్బు జాడ కనిపించిందో. ఇక్కడ చాలామంది తికమకపడతారు: సీటీ తక్కువైతే జబ్బు ఎక్కువ. దాదాపు 3.3 తగ్గితే పది రెట్లు పెరిగినట్టు.

"లైట్ పాజిటివేనన్నా, గుంటలో మందు కొడితే పోతుంది" అని హ్యాచరీ వాళ్ళు సర్దిచెప్తారు. వినొద్దు. వైరస్ మీద యాంటీబయాటిక్ పని చేయదు. ఈహెచ్‌పీ బూజుకు దగ్గరి చుట్టం, పెంకున్న స్పోర్లతో కణం లోపలే కాపురం చేస్తుంది, దానికీ నమ్మదగ్గ మందు ఇప్పటికి లేదు. పైగా ఒక రొయ్య పెంట ఇంకో రొయ్య నోట్లో పడితే చాలు, అంటుకుంటుంది. ఏ దశలో వచ్చినా ఆ ట్యాంకు వదిలేయండి. ఇచ్చిన అడ్వాన్స్ గురించి గొడవ పడండి, పిల్ల గురించి రాజీ పడొద్దు. పరీక్షలో తేడా వచ్చి గొడవైతే పనికొస్తుందని రెండో సీసా ఒకటి ఆల్కహాల్‌లో ఇంట్లో దాచి ఉంచండి, రెండువైపులా సంతకం చేసిన చీటీతో.

గుంటలో అనుమానం వస్తే

పెరుగుతున్న రొయ్యను పంపేటప్పుడు ఏ భాగం పంపాలన్నది జబ్బును బట్టి మారుతుంది. తెల్లమచ్చ వైరస్ మొప్పల్లో, ఈత కాళ్ళలో, పెంకు కింద పొర కణాల్లో పెరుగుతుంది, జీర్ణగ్రంథి కణాల్లో పెరగదు. ఈహెచ్‌పీ సరిగ్గా తిరగేసి, జీర్ణగ్రంథి గొట్టాల కణాల్లోనే ఉంటుంది. అంటే తలలోని జీర్ణగ్రంథి మాత్రమే పంపి తెల్లమచ్చ చూడమంటే లేదనే వస్తుంది, కాళ్ళు మాత్రమే పంపి ఈహెచ్‌పీ చూడమన్నా అంతే. ఎందుకొచ్చిన తంటా, రొయ్యను మొత్తంగా పంపండి. మేత చూసే చెక్ ట్రేలో తెల్లటి పెంట పోగులు కనిపిస్తే అవీ విడిగా సీసాలో వేసి పంపండి. చచ్చి నీళ్ళలో నానింది వద్దు, కొన ఊపిరితో ఒడ్డుకు చేరినదాన్ని పట్టండి.

ఈహెచ్‌పీ వచ్చిన గుంటలో పట్టుబడి అయ్యాక ఎండగట్టి ఊరుకుంటే స్పోర్లు మట్టిలో మిగిలిపోతాయి. ఒక్కో స్పోర్ దాదాపు మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడవు, గట్టి పెంకు. థాయ్‌లాండ్ పరిశోధకులు చెప్పిన పద్ధతి ఇది: కాల్చిన సున్నం, నీళ్ళు కొట్టనిది, హెక్టారుకు 6 టన్నులు, అంటే ఎకరాకు దాదాపు 2.4 టన్నులు చల్లి, 10, 12 సెంటీమీటర్ల లోతుకు దున్ని, తడిపి, మట్టి పీహెచ్ 12 దాకా లేపాలి. మామూలు వ్యవసాయ సున్నం ఎంత పోసినా పీహెచ్ అంత పైకి రాదు. షాపులో ఏ సున్నమో అడిగి, బస్తా మీద చదివి, పీహెచ్ మీటరుతో రెండు మూడు చోట్ల చూసుకోండి. చల్లేవాళ్ళకు కళ్ళద్దాలు, మాస్కు, చేతి తొడుగులు ఇవ్వండి, కళ్ళలో పడితే చూపే పోవచ్చు.

శాంపిల్ మాకు అందాక రెండు దశలూ, జెల్ కలిపి అయిదారు గంటలు పడుతుంది. రాత్రికి సీడ్ ఎత్తాలనుకునేవాళ్ళు తెల్లారేసరికి సీసా మా గుమ్మంలో ఉండేలా చూసుకోండి. సాయంత్రం నాలుగింటికి తెచ్చి, బండి ఆరింటికి మాట్లాడుకున్నామంటే మెషిన్‌ను తొందరపెట్టడం నా వల్ల కాదు.