విదేశీ పాస్‌పోర్టుతో గోదావరి జిల్లాల్లో కారు కొని రిజిస్టర్ చేయించుకోవడం ఎలా?

కోనసీమలో గానీ, భీమవరం, తణుకు వైపు గానీ ఇప్పుడు చాలా కుటుంబాల్లో ఒకరైనా అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్ పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఉంటారు. అమ్మానాన్నలకు వయసు మీద పడిందని కొందరు వచ్చి ఇక్కడే ఉండిపోతున్నారు. రాజోలు పక్క ఊళ్లో ఉంటూ అర్ధరాత్రి ఆసుపత్రికి బయలుదేరాల్సి వస్తే కారు ఎంత అవసరమో వాళ్లకు వెంటనే తెలుస్తుంది.

మీరు పుట్టి పెరిగింది ఇక్కడే అయినా చట్టం దృష్టిలో విదేశీయులే. అయితే విదేశీయులు కారు కొనకూడదనే నిబంధన ఏదీ లేదు. కారు దొరకడం తేలికే. మీరెవరు, ఎక్కడ ఉంటున్నారు అని చూపే కాగితాలు ఒకదానితో ఒకటి కలవడం దగ్గరే పని ఆగిపోతుంది. అందుకే కాగితాలు సిద్ధమయ్యాకే అడ్వాన్సు కట్టండి.

ముందు చిరునామా తేల్చుకోండి

మీ పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు), లేదా పాస్‌పోర్టు మీద ఉన్న వీసా మీరు దేశంలో చట్టబద్ధంగా ఉంటున్నారని చెబుతాయి. ఎక్కడ ఉంటున్నారో చెప్పవు. కారు రిజిస్ట్రేషన్‌కు రెండూ కావాలి. అన్నిటికంటే తేలికైన దారి ఆధార్. దరఖాస్తుకు ముందు 12 నెలల్లో 182 రోజులు భారత్‌లో ఉన్న ఓసీఐ కార్డుదారులు ఆధార్ తీసుకోవచ్చు.

అన్ని రోజులు కాకముందే కారు కావాలంటే, ఇల్లు నాన్నగారి పేరునో అత్తగారి పేరునో ఉంటే, "నేను ఈ ఇంట్లోనే ఉంటున్నాను" అని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించండి. మోటారు వాహనాల నియమాల్లో చిరునామా రుజువు కింద అఫిడవిట్‌కూ చోటుంది. అద్దె ఇల్లయితే అగ్రిమెంటు దగ్గర పెట్టుకోండి. అధికారికి ఏది సరిపోతుందో అమలాపురంలోనో భీమవరంలోనో మీకు దగ్గరున్న ఆర్టీవో ఆఫీసుకు స్వయంగా వెళ్లి అడగండి. ఏజెంటు మాట మీద ఆధారపడకండి.

ఒక హెచ్చరిక. పాత భారతీయ పాస్‌పోర్టు, ఊళ్లో ఇంకా మిగిలిపోయిన ఓటరు కార్డు చిరునామా కోసం బయటికి తీయకండి. వేరే దేశ పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. ఆ తర్వాత పాత పాస్‌పోర్టు వాడటం నేరం. చిన్న పనికి వాడితే మీ ఓసీఐకే ముప్పు రావచ్చు.

తర్వాత పేరు. మనకు ఇంటిపేరు ముందుంటుంది. విదేశీ పాస్‌పోర్టులో అది చివరికి వెళుతుంది. పాన్‌లో ఒకలా, బ్యాంకులో ఇంకోలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరాలతో ఉంటుంది. పాస్‌పోర్టులో ఉన్న పేరునే ప్రమాణంగా పెట్టుకుని ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా మూడింటినీ దానికి సరిచేయించండి. విసుగు పుట్టించే పనే. కానీ ఇన్సూరెన్సులో ఒక పేరు, ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో) ఒక పేరు ఉంటే, ప్రమాదం జరిగిన రోజు క్లెయిము దగ్గర పడే టెన్షన్ దీనికి పదింతలు ఉంటుంది. కారు కొనడానికి పాన్ కూడా కావాలి. విదేశీ పౌరులకు ఆ దరఖాస్తు ఫారం వేరు.

ఇంత తిప్పలెందుకు, నాన్నగారి పేరున కొనేద్దామంటారా? అదీ చట్టబద్ధమే. నడపని మనిషి పేరున కారు ఉండటంలో తప్పు లేదు. అలా చేస్తే ఆర్‌సీలో నామినీగా మీ పేరు రాయించండి. ఈ వెసులుబాటు 2021 నుంచి ఉంది. యజమాని కాలం చేస్తే, మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పించుకోవాలి.

కొత్త కారు అయితే

మన రాష్ట్రంలో ఏ ఊరి షోరూములో కొన్నా ఫరవాలేదు. రాజమండ్రి, కాకినాడ, విజయవాడ ఎక్కడైనా సరే. 2019 సవరణ తర్వాత రాష్ట్రంలోని ఏ రిజిస్టరింగ్ అధికారి దగ్గరైనా రిజిస్టర్ చేయించవచ్చు. దరఖాస్తు ఫారం 20, అమ్మకం సర్టిఫికెట్ ఫారం 21, కంపెనీ ఇచ్చే ఫారం 22 అన్నీ షోరూమువాళ్లే పెడతారు. బండిని ఆర్టీవో ఆఫీసుకు తీసుకెళ్లి చూపాల్సిన పని లేదు. నంబరు పడి, హై సెక్యూరిటీ ప్లేటు బిగించాకే బండి బయటికి రావాలన్నది చట్టం. "ముందు తీసుకెళ్లండి, నంబరు తర్వాత పంపిస్తాం" అంటే ఒప్పుకోకండి.

ఆన్‌రోడ్ ధర ఎంతో అడిగి ఊరుకోకుండా, దాన్ని విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. ఎక్స్ షోరూమ్ ధర, లైఫ్ టాక్స్, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ ఫీజు, ఆపైన "యాక్సెసరీస్", "హ్యాండ్లింగ్" అని ఏమేం కలిపారో అప్పుడు కనిపిస్తుంది. చివరి రెండూ మీరు వద్దంటే పోయేవే. ఇన్సూరెన్సు షోరూములోనే తీసుకోవాలన్న రూలూ లేదు. కొత్త కారుకు థర్డ్ పార్టీ పాలసీ (మీ బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి) మాత్రం మూడేళ్లకు కట్టాల్సిందే. ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవారే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. రిటర్ను వేసినప్పుడు దాన్ని మీ పన్నులో సర్దుకోవచ్చు. డబ్బు మీ ఖాతా నుంచి బ్యాంకు ద్వారానే కట్టండి. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

ఏ కారు అనేది మీ ఇష్టం. కానీ మన రోడ్లు గుర్తుంచుకోండి. కాలువ గట్ల మీద ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తే తప్పుకునే చోటు ఉండదు. నాలుగు మీటర్ల లోపు పొడవు, నేలకు కాస్త ఎత్తుగా ఉండే బండి ఇక్కడ సుఖం. అంత పొడవుండి పెట్రోలు ఇంజను 1200 సీసీ, డీజిలు 1500 సీసీ దాటకపోతే జీఎస్టీ కూడా 18 శాతమే. 2025 సెప్టెంబరు నుంచి పెద్ద కార్లకు అది 40 శాతం. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరప్రాంతమైతే ఉప్పుగాలికి అడుగుభాగం తుప్పు పట్టకుండా కోటింగు వేయించండి. ఇంటిముందు కొబ్బరిచెట్ల కిందే కారు పెట్టేవాళ్లు థర్డ్ పార్టీతో సరిపెట్టుకోకుండా ఫుల్ ఇన్సూరెన్సు ఉంచుకోవాలి.

పాత కారు అయితే

ఇక్కడ తొందర అసలు పనికిరాదు. ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక అంటే 17 లక్షల క్యూసెక్కులు. అప్పుడు లంక ఊళ్లలో ఏ ఇంటి ముందున్న బండైనా నీళ్లలోనే ఉంటుంది. 2022 జులైలో ప్రవాహం 25 లక్షలు దాటింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఎన్నో కార్లు మునిగిపోయాయి. అలాంటి బండి కడిగి, పాలిష్ చేసి అమ్మకానికి వస్తే పైకి ఏమీ తెలియదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. లోపలి కొస దగ్గర బురద మరక ఉంటే నీళ్లు ఆ ఎత్తుకు వచ్చినట్టే. కార్పెట్ ఎత్తి, సీట్ల కింద పట్టాలకు తుప్పుందేమో చూడండి. స్టెప్నీ గుంట తడిమి చూడండి. ఏసీ వేసి మొదటి నిమిషంలో వచ్చే వాసన పట్టించుకోండి. ఇంత చూశాక కూడా, నమ్మకమైన మెకానిక్‌కు చూపించకుండా బేరం ఖాయం చేయకండి.

నంబరు కొట్టి ఎం-పరివాహన్ యాప్‌లో చూస్తే అప్పు ఇంకా ఉందా, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. చలాన్లు కూడా చూసుకోండి. అప్పు ఉంటే, అది తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 చేతికొచ్చాకే డబ్బు ఇవ్వాలి. పేరు మార్పుకు ఫారం 29, 30. అమ్మినవారు 14 రోజుల్లోగా, మీరు 30 రోజుల్లోగా ఆర్టీవోకు తెలపాలి. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్పించండి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు.

హైదరాబాదు కార్లు చవకగా కనిపిస్తాయి. అక్కడ కట్టిన లైఫ్ టాక్స్ ఇక్కడ చెల్లదు. ఫారం 28తో అక్కడి ఎన్‌వోసీ తెచ్చుకుని, బండి వయసును బట్టి ఇక్కడ మళ్లీ టాక్స్ కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. వేరే రాష్ట్రం నంబరుతో ఏడాదికి మించి ఉంచడానికి చట్టం ఒప్పుకోదు. ఆ ఖర్చంతా కలిపి లెక్కేశాకే చవకో కాదో తేల్చండి.

లైసెన్సు, ఆ తర్వాత

మీ దేశంలో తీసుకున్న ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఏడాదే పనికొస్తుంది. ఆలోపే ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకోండి. 30 రోజుల తర్వాత టెస్టుకు వెళ్లవచ్చు. ఎన్నో ఏళ్లు కుడివైపు నడిపినవాళ్లు పొద్దున్నే ఖాళీ రోడ్ల మీద కొన్నాళ్లు సాధన చేయండి. మలుపు తిరగ్గానే చేయి పాత అలవాటువైపే లాగుతుంది.

మళ్లీ విదేశం వెళ్లిపోవాల్సి వస్తే ఖాళీ ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి బ్రోకరుకు ఇచ్చి విమానం ఎక్కకండి. రికార్డుల్లో పేరు మారేదాకా యజమాని మీరే. అమ్మేసినా పేరు మారకముందు ప్రమాదం జరిగితే నష్టపరిహారం కట్టాల్సిన బాధ్యత రిజిస్టర్డ్ యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. మీరు ఉండగానే పేరు మార్పు దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండి. అంత సమయం లేకపోతే, ఇంట్లో నమ్మకమైనవారికి ఈ ఒక్క కారు అమ్మకానికే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వండి. కొత్త ఆర్‌సీ నకలు మీకు చేరేదాకా ఇన్సూరెన్సు ఆపకండి.